విత్తనాల బాన మీద నాలుగు చేతులు

అనగనగా, వానలు మొహం చాటేసిన కాలంలో, కొర్రదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఓబవ్వ అని ఒక ముసలమ్మ. అవ్వకు తోడు ఆరేళ్ల మనవరాలు గంగి. ఉన్నది ఇద్దరే.

ఆ ఊరికో కట్టుబాటు ఉంది. పంట ఇంటికి రాగానే అందరి విత్తనపు కొర్రలూ ఒకే బానలో పోసి, బూడిద కలిపి, మూకుడు మూసి, పైన బంకమన్ను మెత్తుతారు. ఆ పచ్చిమన్ను మీద ఊరిపెద్ద తిమ్మప్ప తన చేయి అద్దుతాడు. కొడవలి తెగి తిమ్మప్పకు చూపుడువేలు సగమే మిగిలింది. అలాంటి ముద్ర ఇంకొకరు వేయలేరు కదా! మళ్లీ వాన పడేదాకా ఆ బానను నమ్మకమైన ఇంట్లో ఉంచుతారు. ఆ ఏడు ఓబవ్వ ఇంట్లో ఉంచారు. బాన ఖాళీ అయితే ఊరికి పంట లేదు, అంతే సంగతి.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడూ రాలేదు. జనం చింతగింజలు వేయించుకు తిన్నారు, అవీ అయిపోయాయి. గురుగాకు ఉడకేసుకున్నారు, అదీ ఎండిపోయింది. అబ్బా, ఆ రోజులు తలుచుకుంటే చెప్పే నాకే నీరసం వస్తోంది!

ఒక మిట్టమధ్యాహ్నం అవ్వ బాన పక్కన చతికిలబడింది. గోడ కన్నంలోంచి ఎలుక తొంగిచూసింది. దానికీ డొక్కలు ఎండిపోయాయి.

"అవ్వా, ఎందుకీ కష్టం? అంత బానలో గుప్పెడు తగ్గితే ఎవరికి తెలుస్తుంది?"

"నోరు ముయ్యవే, పాడు ఎలుకా!"

నోరైతే అలా అంది కానీ చేయి వినలేదు. మూత అంచున గోరు దిగి, రవ్వంత మన్ను రాలింది. అవ్వ గబుక్కున రెండు చేతులూ జోడించింది.

"నరసింహా! నా వల్ల కావడం లేదు తండ్రీ. ఈ పూటకు నా చేయి పట్టుకో. రేపటి మాట రేపు అడుక్కుంటాను."

తాగడానికి దాచుకున్న నీళ్లలోంచి దోసెడు తీసి మన్ను కలిపింది. మళ్లీ చేయి పోకుండా మూతంతా ఇంకో పొర మెత్తి, తన చేయి అద్దింది. ఆ పూట గడిచింది.

నెల తిరిగింది. ఎలుక మళ్లీ వచ్చింది.

"అవ్వా, ఆకాశం చూశావా? మబ్బు తునక లేదు. రాని వానకు విత్తనమెందుకు?"

మాట నిజమేననిపించింది. అదే కదా వచ్చిన చిక్కు! చేయి మూత దాకా వెళ్లింది. "నరసింహా, ఈ పూటకు" అంది అవ్వ. అంతకు మించి పలికే ఓపిక లేదు. మళ్లీ దోసెడు నీళ్లు, మళ్లీ మన్ను, మళ్లీ చేతి ముద్ర.

మూడోసారి ఎలుక వచ్చేసరికి గంగి మంచం పట్టి ఉంది. "అవ్వా, బువ్వ" అనడానికి కూడా దానికి గొంతు పెగలడం లేదు.

"మనవరాలు పోయాక ఎవరి కోసమే ఆ పంట?" అంది ఎలుక.

అవ్వ ఈసారి బాన మూత పగలగొట్టడానికి రాయే ఎత్తింది.

"ఏం దేవుడివయ్యా నువ్వు! పసిదాని ముఖం చూసి నేనాగలేను. నువ్వే ఆపాలి, నువ్వే ఆపాలి!" అని బావురుమంది.

ఆ ఏడుపు విని పక్కింటి మాదక్క పరుగెత్తుకొచ్చింది. రాయి చూసింది, పిల్లను చూసింది. వెనక్కి వెళ్లి, ఎక్కడో అడిగి తెచ్చుకున్న పిడికెడు నూకలతో తన పిల్లలకు కాచిన గంజిలో సగం తెచ్చి గంగికి తాగించింది.

"ముందే పిలవచ్చు కదా అవ్వా!" అని కోప్పడింది.

పిల్ల కళ్లు తెరిచింది. అవ్వ రాయి కింద పెట్టి, మూడోసారి మన్ను కలిపింది.

చివరికి వాన వచ్చింది. ఊరంతా నాగళ్లు కట్టుకుని అవ్వ ఇంటికి వచ్చారు. బానను చూసి తిమ్మప్ప ముఖం మాడిపోయింది. మూత బెత్తెడు మందం ఉంది. పైన అవ్వ చేతి ముద్ర.

"నా చేయి ఏది ఓబవ్వా? తెరిచి, తిని, మళ్లీ మూశావా?"

జనం గుసగుసలాడారు. అవ్వకు వాదించే ఓపిక లేదు. "పగలగొట్టి చూసుకోండి నాయనా" అంది.

పై పెచ్చు ఊడింది. దాని కింద మళ్లీ అవ్వ చేయి. అదీ ఊడింది. కింద ఇంకో చేయి. మూడో పెచ్చు కూడా ఊడగానే సగం వేలి ముద్ర, అంచున ఒక్క గోటి గాటు తప్ప, చెక్కుచెదరకుండా కనిపించింది. లోపల కొర్రలు మూతి దాకా ఉన్నాయి.

తిమ్మప్ప తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "తప్పయింది అవ్వా. ఇంత ఆకలిలో ఎలా నిలబడ్డావు?"

"నేనెక్కడ నిలబడ్డాను? మూడుసార్లూ నా చేయి బాన మీదికే పోయింది. పోయిన చేతిని ఆయన వెనక్కి తెచ్చాడు. ఇక విత్తుకోండి, నేను కాసేపు పడుకుంటాను" అంది అవ్వ.

కనుక పిల్లలూ, ఆశ పుట్టడం తప్పు కాదు, పుట్టిన క్షణాన దేవుణ్ణి పిలవకపోవడమే తప్పు.