వట్టివేళ్ల గోలెం

పరాంకుశం అయ్యవారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అందుకే ఆయన దగ్గర శిష్యులు తక్కువ, ప్రశ్నలు మరీ తక్కువ. వంశధార ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో, ఏటికి కొత్తనీరు దిగిన రోజుల్లో, సింహాద్రి అనే శిష్యుడు ఆపుకోలేక అడిగేశాడు.

"అయ్యవారూ, నిజం సెప్తే మేలు జరగాలి గదా! మరి నా నిజం ఇసమైపోనాదేటి?"

సంగతి ఇది. సింహాద్రికి పైడిరాజని ఒక తమ్ముడున్నాడు. మంచి తాపీ పనివాడు. కొంతకాలంగా తాగుడు మరిగాడు. తమ్ముడి పాప బారసాలనాడు, వాడి అత్తవారంతా పంక్తిలో కూర్చున్న వేళ, సింహాద్రి వాడి బాగోతమంతా ఒక్కటీ దాచకుండా విప్పాడు. చెప్పినవన్నీ నిజాలే. ఆ సాయంత్రమే మరదలు పాపనెత్తుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. పైడిరాజు ఇంటికి రావడం మానేసి, కల్లుపాక దగ్గర జట్టుకట్టిన వాళ్లతోనే ఉంటున్నాడు. ఊరుకుంటే సింహాద్రి ఎందుకవుతాడు? కనిపించిన చోటల్లా నాలుగు మాటలు ఎక్కువే తగిలిస్తున్నాడు. ఎంత తగిలిస్తే తమ్ముడు అంత తాగుతున్నాడు. ఉన్న ఒక్క తోబుట్టువు చేజారిపోతున్నాడని సింహాద్రికి నిద్ర పట్టడం లేదు.

అయ్యవారు అంతా విన్నారు. "రేపట్నించి గోలెం నువ్వు చూసుకో" అని లేచి వెళ్లిపోయారు.

ఆశ్రమం ముందునుంచే రేవుకు దారి. దారినపోయేవాళ్ల కోసం పాక కింద ఒక పెద్ద గోలెం నిండా మంచినీళ్లు ఉంచడం అక్కడి ఆచారం. ఆ నీళ్లలో వట్టివేళ్ల కట్టా, దోసెడు తులసీ వేయడం అయ్యవారి గురువుగారు పెట్టిన పద్ధతి. ఆ వాసనకే జనం పొంగిపోయేవారు. అయితే ఆ ఏడు దిగువ ఊళ్లలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సమ్మ బ్లీచింగు పొడి డబ్బా, నీళ్ల పరీక్షకు ఒక చిన్న చుక్కల సీసా ఇచ్చి, "పటికతో నీళ్లు తేర్చండి, తేటను వడకట్టండి, ఆ తరవాతే ఇది కలపండి" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. సింహాద్రి చెవిన పడింది ఆఖరి ముక్క ఒక్కటే.

తెల్లవారగానే ఎర్రటి ఏటినీళ్లు తెచ్చి గోలెం నింపాడు. ఎగువ అడవుల్లో కుళ్లిన ఆకు రసమంతా ఆ నీళ్లలోనే ఉంది. దాని మీద భక్తిగా వట్టివేళ్లు వేశాడు, తులసి వేశాడు, బ్లీచింగూ వేశాడు. కాసేపటికి అదో రకం వాసన లేచింది. వాసన పోవాలని ఇంకో కట్ట వట్టివేళ్లు దింపాడు. వేళ్లు ఎక్కువైతే మందు చాలదేమోనని ఇంకాస్త మందు వేశాడు. మందు ఘాటు పోవడానికి మళ్లీ తులసి. ఎండెక్కేసరికి గోలెం దగ్గర నిలబడితే ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టే ఉంది.

తట్ట దించుకుని ఒక ముసలమ్మ చెంబు ఎత్తింది. ఒక్క గుక్క పుచ్చుకుని ఊసేసింది.

"ఇందులో అన్నీ ఉన్నాయి బాబూ, నీలు తప్ప!"

ఆమె వెనకాల వచ్చినవాళ్లు వాసన చూసే తప్పుకున్నారు. అందరూ రేవులోకి దిగి ఏటినీళ్లు దోసిళ్లతో తాగడం మొదలుపెట్టారు. సింహాద్రి "అవి తాగీకండి, రోగాలొస్తాయి!" అని అరుస్తూ పరిగెత్తాడు.

ముసలమ్మ మూతి తుడుచుకుంది. "ఇయి తాగితే రేపు సస్తామేమో. నీయి ఇప్పుడే మింగలేకపోతన్నాం గదా నాయినా" అని తట్ట ఎత్తుకుని సాగిపోయింది.

సింహాద్రి ఆ రేవులోనే చతికిలబడ్డాడు. తను ఎవరిని కాపాడాలనుకున్నాడో వాళ్లే తన చేతిమీదుగా రోగంలోకి దిగిపోయారన్న బాధతో ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం అయ్యవారు వచ్చి గోలెంలోని నీళ్లు గాజు గ్లాసులో తీసి, నర్సమ్మ ఇచ్చిన సీసాలోంచి నాలుగు చుక్కలు వేశారు. నీళ్లలో మందు మిగిలి ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరగలేదు.

"అంత వేసినాను అయ్యవారూ! ఏటైపోనాది?"

"ఆకు రసం మీదా వేళ్ల రసం మీదా ఖర్చయిపోయింది. క్రిమి దాకా వెళ్లనేలేదు. పైగా ఆ మందూ ఈ రసమూ కలిసి కొత్త సరుకు పుట్టింది. అది మందూ కాదు, ఆకూ కాదు. అలా పుట్టినవాటిలో కొన్నింటికి నువ్వు చూసిన వాసన ఉంటుంది. కొన్నింటికి రంగూ వాసనా ఏమీ ఉండవు, కాని ఏళ్ల తరబడి తాగితే ఒంటికి మంచివి కావు."

సింహాద్రి ఒళ్లు మండిపోయింది. డబ్బా అందుకుని తుప్పల్లోకి విసరబోయాడు.

"పారేస్తే దిగువ ఊరి వాంతులు రేపు ఇక్కడుంటాయి" అన్నారు అయ్యవారు. "మందు చేసిన తప్పేమిటి?"

అతను డబ్బా దించాడు. ఆ సాయంత్రమే కొత్తనీళ్లు తోడి, పటికరాయి గుండ్రంగా తిప్పి వదిలేశాడు. తెల్లారేసరికి చిక్కటి మడ్డి అడుగుకు దిగింది. పైతేటను మడత గుడ్డలో వడకట్టి, గోలెం కడిగి నింపి, నర్సమ్మ చెప్పినంతే మందు కలిపి ఊరుకున్నాడు. కాసేపాగి చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపు తిరిగాయి. ఎంత కొంచెం మందు వేశాడో చూసుకుని అతనికే నమ్మబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది వట్టివేళ్ల కట్ట. గురువుగారి గురువుగారు పెట్టిన ఆచారమాయె. వేయనా మాననా అని అడగడానికి నోరు రాక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అయ్యవారే వచ్చి కట్ట తీసుకుని, తడిపి, గాలి వచ్చే వైపు పాక చూరుకు కట్టారు. తులసి పళ్లెంలో పెట్టి, నీళ్లు తాగినవాళ్ల చేతికి తలో రెండాకులు ఇమ్మన్నారు. "మా గురువుగారి కాలానికి ఈ డబ్బా రాలేదు లెద్దూ" అన్నారు. ముసలమ్మ మళ్లీ వచ్చింది. అనుమానంగా ఒక చెంబు తాగి, నమ్మకంగా ఇంకో చెంబు తాగింది.

అంతా బాగుంది, గోలెం కింద అరుగు మాత్రం బీటలు వారింది. అయ్యవారు ఎవరితోనో కబురంపినట్టున్నారు. నాలుగు రోజులు పోయాక తాపీ, మట్టంబద్ద పట్టుకుని ఒక మనిషి ఆశ్రమం గేటు దగ్గర నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. రాత్రి తాగినది ఇంకా ఒంటిని వదల్లేదు. కాళ్ల నిండా బురద. లోపల అన్న ఉన్నాడని తెలిసీ వచ్చాడు, అందుకే తలెత్తడం లేదు.

సింహాద్రి గభాల్న లేచాడు. పాప సంగతి, మరదలి సంగతి, కల్లుపాక సంగతి అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. నోరు తెరవబోతుంటే భుజం మీద చెయ్యి పడింది.

"డబ్బా మూత ఇప్పుడే తియ్యకు, సింహాద్రీ" అన్నారు అయ్యవారు. "ముందు వాణ్ణి కాళ్లు కడుక్కోనీ."