కొండరాయికి ముక్కు మొలిచిన రోజు

ఒకప్పుడు కొండమీది రాళ్లన్నీ గుండ్రంగా ఉండేవి. మూల లేదు, అంచు లేదు, ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేదు. అందుకని వాటికి మహా గర్వం. పొద్దస్తమానం నున్నటి పొట్టలు ఎండకు పెట్టుకుని తమ అందానికి తామే మురిసిపోయేవి.

ఆ కొండవాలులో చిలకమ్మ అనే ఆవిడకు అల్లం పెరడు ఉండేది. వానొచ్చిన ప్రతిసారీ పెరట్లో మట్టి జారి కింద ఏటిలో కలిసిపోయేది. ఆ ఏడు ఇక మిగిలింది జానెడు మట్టి. అదీ పోతే అడుగున ఉన్నది ఉత్త బండే. అల్లమూ లేదు, ఆమెకు తిండీ లేదు.

మట్టికి అడ్డంగా రాతికట్టు కడదామని చిలకమ్మ పొద్దున్నే నడుం బిగించింది. ఒక రాయిమీద ఇంకొక రాయి పెడితే పైది డొల్లుకుంటూ పోయింది. దాన్ని పట్టుకొచ్చేలోపు కిందది జారుకుంది. రాళ్లు కిలకిలా నవ్వాయి. చిలకమ్మకు ఒళ్లు మండింది.

ఇంతలో అవతలి కొండమీంచి మేఘం కేకేసింది, కడుపునిండా నీళ్లతో వచ్చేస్తున్నానని, ఆగడం తన చేతుల్లో లేదని. చిలకమ్మ రాళ్లవైపు తిరిగింది.

"మీరంతా ఒకరినొకరు పట్టుకుని నిలబడలేరా?" అని రాళ్లను బతిమాలింది.

"పట్టుకోవడానికి మాకు అంచేదీ అత్తా?" అంది ఒక పిల్లరాయి.

అంచు రావాలంటే పగలాలని, పగిలితే అందమంతా మట్టిపాలని రాళ్లన్నిటికీ తాతలాంటి పెద్దగుండు కసిరింది. పిల్లరాయి మాత్రం చిలకమ్మ కళ్లల్లో నీళ్లు చూసింది. గబగబా కొండకొమ్ము ఎక్కి కిందికి దూకేసింది. ఫెళ్లుమని రెండు ముక్కలైంది. రాళ్లన్నీ కిందికి తొంగిచూశాయి.

"అబ్బో, నాకు ముక్కొచ్చింది!" అని అరిచింది ఒక ముక్క. తనకు మూపురం వచ్చిందని గంతులేసింది రెండోది.

ఇంకేముంది! నేనంటే నేనని రాళ్లన్నీ తోసుకుంటూ దూకాయి. కొండంతా ఫెళఫెళలే. పెద్దగుండు ఒక్కటే మూతి ముడుచుకుని కూర్చుంది.

చిలకమ్మ ఒక్కో రాయినీ ఇటు తిప్పి, అటు తిప్పి, ముక్కున్నదాన్ని గుంటున్నదాని పక్కన ఇరికించింది. ప్రతి రాయీ తన ఒళ్లంతా బయటికి కనపడేలా అడ్డంగా పడుకోబోయింది. "మొహం చూపిస్తే చాలు, ఒళ్లంతా మట్టిలోకి పెట్టండి" అని ఆమె గదమాయించింది. సందుల్లో రాతిపెంకులు దోపింది. కట్టును కొండవైపు కాస్త వాల్చింది. ఆఖరి పెంకు దోపేసరికి మొదటి చినుకు పడింది.

తర్వాత కుండపోత. పట్టుకో, వదలకు అని రాళ్లు ఒకదానికొకటి చెప్పుకున్నాయి. సందుల్లోంచి నీళ్లు బయటికి దూకాయి, మట్టి మాత్రం కదల్లేదు. చిలకమ్మ వానలోనే చప్పట్లు కొడుతూ నవ్వింది.

అప్పుడే పెద్దగుండు జారింది. దొర్లుకుంటూ కట్టు పక్కకు వచ్చింది.

"తాతా, నా ముక్కు పట్టుకో," అంది పిల్లరాయి ముక్క.

పట్టుకోవడానికి పెద్దగుండుకు అంచేదీ? దొర్లి దొర్లి ఏటిలో పడింది.

అప్పటినుంచే కొండరాళ్లలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. పెద్దగుండు వంశానివైన ఏటిరాళ్లు మాత్రం ఇప్పటికీ గుండ్రంగా, నున్నగా, చూడముచ్చటగా ఉంటాయి. ఏరు పొంగినప్పుడల్లా ఒకదాన్నొకటి పట్టుకోలేక గడగడమని దొర్లిపోతూనే ఉంటాయి.