ఆంజనేయుడి మోకాలు

వన్నూరప్పను ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆ సంగతి తెలిశాక మేమంతా అడగడమే తగ్గించుకున్నాం. ఆయన తోలుబొమ్మలాట బృందంలో నేను పంతొమ్మిదేళ్ళు హార్మోనియం వాయించాను. చేరిన కొత్తలో ఒకసారి, రాముడు అడవికి పోయే ఘట్టంలో జనం ఎందుకు ఏడవడం లేదని ఆయనను అడిగాను. మరుసటి ఆటకు ఆయన నన్ను జనం మధ్య కూర్చోబెట్టి, హార్మోనియం లేకుండా ఆ ఘట్టం నడిపించారు. జనం ఏడ్చారు. ఆ తర్వాత చాలా కాలం నేను ఆయనను ఏమీ అడగలేదు.

ఓబులేసు మాత్రం అడిగాడు. అడగక తప్పని స్థితిలో ఉండి అడిగాడు.

ఓబులేసు ఆయన దగ్గర పదహారేళ్ళు నేర్చుకున్న శిష్యుడు, ఆంజనేయుణ్ణి ఆడించేవాడు. చూసేవాళ్ళకు తెర మీది నీడలే తెలుస్తాయి గాని, తెర వెనక ఉన్నవాడు చేతులతో బొమ్మను ఎంత ఆడిస్తాడో కాళ్ళతో తానూ అంత ఆడతాడు. కాళ్ళకు గజ్జెలు, కాళ్ళ కింద చెక్క పలక. ఆంజనేయుడు సముద్రం దాటే ఘట్టం వచ్చిందంటే ఓబులేసు మోకాళ్ళు మడిచి సగం కూర్చుని, ఒక్క ఊపున లేచి పలక మీద దుమికేవాడు. ఆ చప్పుడుకు ముందు వరుసలో పిల్లలు తల్లుల ఒళ్ళోకి దూరేవాళ్ళు. నా హార్మోనియం ఆ చప్పుడులో ఎవరికీ వినబడేది కాదు. నాకు కొంచెం కడుపుమంటగా ఉన్నా, వాడి దుముకు కోసం నేనూ ఎదురు చూసేవాణ్ణి.

పుష్యమాసంలో ఒక ఊళ్ళో ఆట ముగించుకుని వస్తుంటే సామాన్ల ఆటో మలుపులో బోల్తా పడింది. బొమ్మల పెట్టె ఓబులేసు కుడికాలి మీద పడి మోకాలి దగ్గర ఎముక విరిగింది. అనంతపురంలో ఆపరేషన్ చేసి, స్టీలు ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. అదే పెట్టెలో ఉన్న ఆంజనేయుడి బొమ్మకు కూడా కుడి మోకాలి దారమే తెగింది. కథకు అందంగా ఉంటుందని నేను కల్పించిన మాట కాదిది, పెట్టె తెరిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆరు వారాలయ్యాక డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, ఎముక బాగా అతుక్కుంటోంది, ఇక కాలు మడవడం మొదలుపెట్టమన్నాడు. కుర్చీలో కూర్చుని, పాదం నేల మీద ఆనించి, మడమను కొంచెం కొంచెంగా వెనక్కి జరపాలి. రోజుకు నాలుగు సార్లు చేయాలి. చేసేటప్పుడు, మోకాలు వంగకుండా కాలికి కట్టిన బెల్టు విప్పాలి. మూడు వారాల్లో మడమ కుర్చీ కిందికి రాకపోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా మడవాల్సి వస్తుందని, అప్పటికీ రాకపోతే కాలు జన్మంతా కర్రలాగే ఉంటుందని కూడా చెప్పాడు. ఓబులేసు రెండు రోజులు చేశాడు. మూడో రోజు మోకాట్లో ఏదో టక్కుమంది, ప్రాణం పోయినంత నొప్పి వచ్చింది. స్క్రూ ఊడిందనుకుని పరుగున ఆస్పత్రికి పోయారు. ఏమీ ఊడలేదు, అంతా బాగానే ఉంది, చేస్తూ ఉండమని పంపారు. కాని ఆ టక్కుమన్న చప్పుడు వాడి చెవిలోంచి పోలేదు. అప్పటినుంచి రాత్రీ పగలూ బెల్టు విప్పలేదు. భార్య సాలమ్మ అడిగితే, నువ్వు నీళ్ళకు పోయినప్పుడు చేసినానులే అనేవాడట. ఆ ఇంట్లో నీళ్ళ కొళాయి గడప పక్కనే ఉందని ఆమె మాతో చెప్పుకుని ఏడ్చింది.

పది రోజులు అలా గడిచాక, ఒక ఉదయం చంకల కింద కర్రలతో వన్నూరప్ప ఇంటికి వచ్చాడు. వెనకే సాలమ్మ కూడా వచ్చింది. పెద్దాయన పెరట్లో కూర్చుని కొత్త తోలు మీద బొగ్గుతో లక్ష్మణుడి బొమ్మ గీస్తున్నారు. ఓబులేసు కాలు బారజాపి అరుగు అంచున కూర్చుని, చాలాసేపు ఆ గీతలే చూసి, అప్పుడు అడిగాడు.

"పెద్దయ్యా, డాక్టరు మడవమంటాడు. నొప్పేమో వద్దంటాది. ఇద్దరిలో ఎవరి మాట ఇనాల? డాక్టరుకేం, చెప్పి పోతాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?"

వన్నూరప్ప తల ఎత్తలేదు. లక్ష్మణుడి భుజం పూర్తిచేసి బొగ్గు పక్కన పెట్టారు. "ఆంజనేయుడు ఇంకా పెట్టెలోనే ఉండాడు. మోకాలు కట్టు," అన్నారు.

ఓబులేసు ముఖం విప్పారింది. తన మోకాలు మడవమని ఎక్కడ అంటారో అని భయపడి వచ్చినవాడు, బొమ్మ మోకాలి పని అనేసరికి బతికిపోయాననుకున్నాడు. పెట్టె నేనే తెచ్చి ఇచ్చాను. ఆ బొమ్మ నిలబెడితే మనిషి భుజానికి వస్తుంది, వన్నూరప్ప తాతగారు చేసింది. ఓబులేసు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, తెగిన దారపు పోగులు ఏరుతూ, తడి గుడ్డతో దాని కాలు తుడుస్తూ, రెండు రోజులు కూర్చున్నాడు. వాడు బొమ్మను చూసుకున్న తీరుకు నాకు ముచ్చటేసింది. కాని పని మాత్రం తప్పుగా చేశాడు.

మా పనిలో కీలు కట్టడానికి ఒక పద్ధతి ఉంది. తొడ తోలుకు, కాలి తోలుకు బెజ్జాలు కలిపి, రెండు తోళ్ళ నడుమ ఒక బియ్యపు గింజ పెట్టి ముడి వేస్తాం. ముడి బిగిశాక గింజను లాగేస్తాం. గింజ పోయిన చోట మిగిలే సందులోనే బొమ్మ నడక ఉంటుంది. ఓబులేసు ఈ పద్ధతి తాను నేర్చుకుని మరో ఇద్దరికి నేర్పినవాడు. అయినా ఆ రోజు గింజ పెట్టలేదు. నూలు దారం వద్దని చేపల వల అల్లే నైలాన్ దారం తెప్పించి మూడు చుట్లు బిగించాడు. అదీ చాలక మోకాలి వెనక బెత్తెడు తోలుముక్క పెట్టి తుమ్మబంకతో అతికించాడు.

"గింజ మరిచిపోతివేమప్పా?" అన్నాను.

"మరిచిపోలేదన్నా. ఆ సందులోనే గదా తెగింది. ఈ తూరి తెగనీయను," అన్నాడు. వాడి గొంతులోని పట్టుదల విని నేను నోరు మూసుకున్నాను. వన్నూరప్ప అటుగా రెండు సార్లు పోయారు, రెండు సార్లూ చూశారు, ఏమీ అనలేదు.

మూడో రోజు పొద్దున్నే ఆయన పెరట్లో రెండు గుంజలకు తెల్ల పంచె కట్టారు. బాగుచేసిన బొమ్మను పెట్టెలో పెట్టేముందు ఎండలో ఒకసారి ఆడించి చూడడం ఆయన అలవాటు. తూర్పు వైపు, ఎండ వీపున పడేలా ఓబులేసును నిలబెట్టారు. ఇవతలి పక్క చాప మీద ఆయనా నేనూ కూర్చున్నాం, సాలమ్మ గోడకు ఆనుకుని నిలుచుంది. ఓబులేసు కర్రలు పక్కన పెట్టి, గుంజకు భుజం ఆనించి, బొమ్మను ఎత్తాడు.

"సముద్రం దాటించు," అన్నారు వన్నూరప్ప.

ఎన్నో వారాల తర్వాత ఆంజనేయుడు తెర మీదికి వచ్చాడు. తల తిరిగింది, తోక లేచింది, చేతులు రెండూ జోడించి రాముణ్ణి తలుచుకున్నాడు. అంతవరకు ఏ వంకా లేదు. ఆపైన దుమకడానికి కాళ్ళు మడవాలి. ఎడమ కాలు వంగింది. కుడి కాలు వంగలేదు. ఓబులేసు బొమ్మను ఆడించే పుల్లను ఇంకొంచెం గట్టిగా లాగేసరికి బొమ్మ మొత్తం ఒక పక్కకు ఒరిగి, కుడి కాలు రోకలిలా ముందుకు వచ్చింది. లంకకు పోవలసినవాడు ఎవరి వాకిలినో తన్నడానికి పోతున్నట్టు ఉన్నాడు. వాడు కంగారుపడి, పోనీ నడిపిద్దామని బొమ్మను ముందుకు జరిపాడు. ఆ కాలు తొడ దగ్గర్నుంచి వంకీలా తిరిగి నేలకు ఆనింది. బొమ్మతో బాటు ఓబులేసు కూడా ఒక అడుగు వేయాల్సి వచ్చింది కదా, ఎండకు వాడి నీడా పంచె మీద పడుతోంది. ఆ నీడ కాలు కూడా తొడ దగ్గర్నుంచి వంకీలా తిరిగి నేలకు ఆనింది.

నాకు నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు గొంతులోనే ఆగిపోయింది. సాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పలచటి పంచె కావడంతో అవతలి నుంచి ఓబులేసుకూ రెండు నీడలూ కనబడ్డాయి. వాడు బొమ్మను మెల్లగా దించాడు.

"కీలు బిగిసిపోయింది పెద్దయ్యా," అన్నాడు.

"అదే బిగిసిందా, నువ్వు బిగించినావా?"

వన్నూరప్ప లేచి తెర వెనక్కి పోయి, బొమ్మను వాడి చేతిలోంచి తీసుకుని, వంగని కాలును ఒకసారి నిమిరారు. "నీ కట్టు గట్టిదే రా, తెగదు," అన్నారు. "కాని కీలాడకుంటే ఇది బొమ్మ గాదు, పటం. పటాన్ని గోడకు తగిలించి దండేయొచ్చు."

దండ అన్న మాటకు సాలమ్మ ముఖం చిన్నబోయింది. ఓబులేసు తానే కత్తి అడిగాడు. మూడు చుట్ల నైలాన్ దారం కోశాడు, వెనక అతికించిన ముక్క ఊడబెరికాడు. బంక పట్టిన తోలు అట్టలా బిర్రబిగిసి ఉంది. పెద్దాయన అరచేతిలో ఆముదం పోసుకుని ఆ చోట రుద్దుతూ, చేతి వేడి తగలనిస్తూ కూర్చున్నారు. సాలమ్మ చెప్పకముందే లోపలికి పోయి ఒక బియ్యపు గింజ తెచ్చి భర్త చేతిలో పెట్టింది. వాడు గింజ పెట్టి, నూలు దారంతో ముడి వేసి, గింజను లాగేశాడు. ఆ తర్వాత కాలిని రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి వంచాడు. తోలు కిర్రుమంది. ఓబులేసు చెయ్యి వదిలేశాడు.

"తెగుతాదేమో పెద్దయ్యా."

"తెగితే మళ్ళా కడతాం. కిర్రుమనకుండా వంగిన తోలు నా జన్మలో చూల్లేదు."

వాడు మళ్ళీ వంచాడు. ఈసారి రవ్వంత ఎక్కువ వంగింది. ఉత్సాహం వచ్చి పూర్తిగా మడవబోతుంటే పెద్దాయన వాడి మణికట్టు పట్టుకున్నారు. "చాలు. మిగిలింది రేపు," అన్నారు. ఆముదం ఇంకడానికి బొమ్మను నీడన పడుకోబెట్టి, తన తోలు, బొగ్గు ముందుకు లాక్కుని మళ్ళీ లక్ష్మణుడి పనిలో పడ్డారు.

మేము ఇంటికి పోవలసిన వేళయింది. ఓబులేసు కదలలేదు. పడుకున్న ఆంజనేయుణ్ణి చూస్తూ చూస్తూ, "అన్నా, స్టూలు ఒకటి, ఆ దుమికే పలక ఒకటి తెచ్చియ్యి," అన్నాడు నాతో. తెచ్చాను. స్టూలు మీద కూర్చుని, పలక మీద పాదం ఆనించి, బెల్టు తానే విప్పాడు. పట్టీలు చర్రుమని ఊడాయి. ఆ కాలు అప్పుడు చూశాను. తొడ కండ కరిగిపోయి, మోకాలి మీద జానెడు కుట్టు. ఇదేనా పిల్లల్ని జడిపించిన కాలు అనిపించింది.

వాడు మడమను వెనక్కి జరపడం మొదలుపెట్టాడు. వేలెడు జరిగింది. నుదుట చెమట పట్టింది. ఇంకొంచెం జరగ్గానే మోకాట్లో టక్కుమన్న చప్పుడు నాకూ వినబడింది. ఓబులేసు ఆగిపోయి వన్నూరప్ప వైపు చూశాడు. ఆయన లక్ష్మణుడి వేళ్ళు గీస్తున్నారు, ఇటు చూడలేదు. ఓబులేసు ఊపిరి బిగబట్టి, వదిలి, మళ్ళీ జరిపాడు. ఇంకో వేలెడు వచ్చింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. సాలమ్మ ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగింది. వాడు ఇక తెగించి, రెండు చేతులతో చీలమండ పట్టుకుని కాలును లాగబోయాడు. ఎప్పుడు లేచి వచ్చారో గాని వన్నూరప్ప వచ్చి వాడి మణికట్టు పట్టుకున్నారు. పట్టు తగలగానే వాడే చేతులు వదిలేశాడు.

పెద్దాయన పలక పక్కన గొంతుక్కూర్చుని, లక్ష్మణుణ్ణి గీస్తున్న బొగ్గుతోనే వాడి మడమ వెనక అడ్డంగా ఒక గీత గీశారు. మడమ ఇంకా స్టూలుకు మూరెడు దూరంలో ఉంది. ఆ పలక మీద తర్వాత ఎన్ని గీతలు పడ్డాయో, ఓబులేసు మళ్ళీ దాని మీద ఎప్పుడు దుమికాడో నేను చెప్పగలను గాని, ఆ రోజుకు ఉన్నది ఆ ఒక్క గీతే.

"ఇంతేనా పెద్దయ్యా వచ్చింది?" అన్నాడు ఓబులేసు.

వన్నూరప్ప చేతికంటిన బొగ్గు తన పంచెకే తుడుచుకున్నారు.

"ఎవరి మాట ఇనాల అని అడిగితివి గదా," అన్నారు. "రేపు పొద్దున ఈ గీతను అడుగు."