బోణీ లేని కొట్టు

ఇది రాస్తున్న ఆవిడ ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగదు. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత ఆవిడ రాసిందల్లా సరుకుల చీటీలే. నాగలింగం గారి దగ్గర చూసిందీ విన్నదీ శిష్యులంతా తలా ఒకటి రాసివ్వాలని, అన్నీ కలిపి చిన్న పుస్తకంగా వేస్తామని వాళ్ళలోనే ఒకాయన అన్నప్పుడు, "నాకు రాదు బాబూ" అని రెండుసార్లు తప్పించుకుంది. మూడోసారి తప్పలేదు. 'నేను' అని మొదలుపెట్టబోతే సిగ్గేసి చెయ్యి ఆడలేదు. అందుకని వరహాలమ్మ అని ఒక పేరు పెట్టుకుని, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెబుతోంది. తప్పులుంటే చదివేవాళ్ళే దిద్దుకోవాలి.

నాగలింగం గారు నేతపనివారు. ఎవరేం అడిగినా రాట్నం ఆపేవారు కాదు, నూలు కండెలు చుడుతూనే వినేవారు. జవాబు చెప్పడం తక్కువ, ఎక్కడికో పంపడం ఎక్కువ. కోపం ఎలా పోతుందని అడిగిన ఒక బస్సు కండక్టరుని, సెలవు పెట్టి తన బస్సులోనే టిక్కెట్టు కొనుక్కుని వారం రోజులు తిరగమన్నారు. తిరిగాడు. నాలుగో రోజునే దిగిపోయి వచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టాడని చెప్పుకుంటారు.

ఆ ఏడు నందిమేరకలో బైపాసు పక్కన పెద్ద కొట్టు వెలిసింది. అద్దాల తలుపులు, లోపల చల్లదనం, సరుకులు వేసుకోడానికి తోపుడు బళ్ళు. ఉప్పు నుంచి ఉయ్యాల దాకా అన్నీ ఒక్కచోటే. ఒక గురువారం సాయంత్రం భజన అయ్యాక నాగలింగం గారి అరుగు మీద అదే మాట నడిచింది.

"మా మేనకోడలికి అక్కడ బిల్లులు కొట్టే పని దొరికింది. నీడపట్టున కూర్చుని చేసే పని. లేకపోతే జీడిపిక్కలు కొట్టి ఆ జీడితో చేతులు కాల్చుకునేది" అన్నాడొకాయన.

"మీ మేనకోడలికి దొరికింది, మా బావమరిదికి పోయింది. సరికి సరి" అన్నాడు పక్కాయన.

"సరికి సరేటి? మా ఆవిడ పసుపు కోసం వెళ్ళి రెండు బకెట్లు తెచ్చింది. ఇంట్లో మనుషులం ఇద్దరం. బకెట్లు తొమ్మిది!"

అందరూ నవ్వారు. వరహాలమ్మకి నవ్వు రాలేదు. వీధి వైపు గదిలో ఆమెకి కిరాణా కొట్టు ఉంది. అత్తగారు పెట్టిన కొట్టు, ఆవిడ తర్వాత ఇరవై రెండేళ్ళుగా వరహాలమ్మే కూర్చుంటోంది. పెద్ద కొట్టు వచ్చాక బేరాలు సగానికి పడిపోయాయి. "నీ కొట్లో ఈగలు కూడా ఏసీ కోసమని అక్కడికే పోయాయే" అని భర్త సన్యాసిరావు రోజుకోసారి అంటున్నాడు. ఆ గది సెల్ ఫోన్లు బాగుచేసేవాడికి అద్దెకిచ్చేద్దామని అతని పట్టు. ఆదివారం వాడు గది చూసుకోడానికి వస్తున్నాడు. ఉంచడమో, మూయడమో, ఆలోపు తేలాలి.

అందరూ వెళ్ళేదాకా ఆగి, స్తంభం చాటునుంచి ఇవతలకి వచ్చి అడిగింది. "గురువుగారూ, ఆ పెద్ద కొట్టు ఊరికి మంచి చేస్తోందా, చెడు చేస్తోందా? చెడు అంటే చెప్పండి, ఎన్నాళ్ళయినా దానికి ఎదురు నిలబడతాను. మంచి అంటే రేపే నా తలుపు మూసేస్తాను. ఎటూ కాకుండా ఉండలేకపోతున్నాను."

"నువ్వెప్పుడైనా వెళ్ళావా అక్కడికి?"

"మేమే కొట్టువాళ్ళం. ఇంకో కొట్టుకి ఎలా వెళ్తామండీ?"

"రేపు పొద్దున్న వాళ్ళు తలుపు తీసే వేళకి వెళ్ళి నిలబడు. అందరికన్నా ముందు లోపలికి ఎవరు వెళ్తారో చూసి రా" అన్నారు ఆయన.

"అంతేనాండీ?"

"అంతే."

మర్నాడు శుక్రవారం. కొట్టులో సన్యాసిరావుని కూర్చోబెట్టి, ఎనిమిది కాకముందే బైపాసు దగ్గరికి నడిచింది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కొంగు నిండా కప్పుకుంది. పెద్ద కొట్టు షట్టరు ఇంకా ఎత్తలేదు. మెట్ల మీద ఖాళీ సంచీ పట్టుకుని, అందరికన్నా ముందు, పైడమ్మ నిలబడి ఉంది.

పైడమ్మది వరహాలమ్మ వీధి చివరి ఇల్లే. మొగుడు పోయి మూడేళ్ళు దాటింది. బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతుంది. అరవై మంది పిల్లలకి కావలసిన పప్పు, నూనె, చింతపండు ఒకప్పుడు వరహాలమ్మ కొట్టునుంచే వెళ్ళేవి. పెద్ద కొట్టు తెరిచిన వారానికే ఆ బేరం ఆగిపోయింది. 'చవకకి మరిగింది' అని వరహాలమ్మ మనసులో చాలాసార్లే అనుకుంది.

ఇప్పుడు ఎదురుపడ్డాక అడగకుండా ఉండలేకపోయింది. "ఏటే పైడీ, పొద్దున్నే ఇంత దూరం నడిచొచ్చావు? మన వీధిలో ఆరింటికల్లా తీస్తాను కదా కొట్టు?"

పైడమ్మ సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఊరికి ఆరింటికి తీస్తావక్కా. నాకు ఆరున్నరకి తీస్తావో, ఏడింటికి తీస్తావో ఎలా తెలుస్తుంది?"

"అదేం మాటే?"

"బోణీ కాలేదు, కాస్త పక్కన నిలబడు పైడీ అంటావు గదా. నిలబడ్డాను. వానలో కూడా నిలబడ్డాను. ఇంకెవరో వచ్చి కొబ్బరికాయో కాఫీపొడో కొంటేగాని నా చేతి డబ్బు ముట్టుకోవు. అవతల పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినదాన్ని, ఎంతసేపని చూసేది?"

అది ఒకరిని నొప్పించే మాటని ఇన్నాళ్ళూ వరహాలమ్మకి తోచలేదు. గడప కడిగి బొట్టు పెట్టడం లాగే అదీ పొద్దుటి పనుల్లో ఒకటి. మొదటి బేరం మంచి చేతి మీదుగా పడాలని అత్తగారు నేర్పింది. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి ఆ మంచి చేతుల్లోకి రాదు. ఆ మాట పైకి ఎవరూ అనరు. 'పక్కన నిలబడు' అంటే సరిపోతుంది.

"నువ్వు చవకని వస్తున్నావనుకున్నానే" అంది మెల్లగా.

"పప్పు ఇక్కడ చవక. నూనె నీ దగ్గరే చవక. చింతపండు నువ్వయితే పిక్క తీసి ఇస్తావు, ఇక్కడ పిక్కలతోనే తూస్తారు. మొన్న ఒకరోజు కరెంటు పోయి, జనరేటరు ఆడక, మిషను లేందే అమ్మకం లేదని మధ్యాహ్నం దాకా షట్టరు దించేశారు. అరవై మంది పిల్లలకి ఆ రోజు మజ్జిగన్నమే గతయింది."

"మన వీధికి రావలసింది కదే!"

"వచ్చాను. మన వీధి మలుపు దాకా వచ్చాను. అప్పటికి తొమ్మిదయింది, నీ బోణీ ఎప్పుడో అయ్యే ఉంటుందని తెలుసు. అయినా కాళ్ళు రాలేదక్కా."

షట్టరు పైకి లేచింది. వాచ్‌మాన్ సెల్ ఫోన్ చూసుకుంటూనే, "రండమ్మా, రండి" అన్నాడు. పైడమ్మ మొదట లోపలికి వెళ్ళింది. తర్వాత ఇంకెవరో, ఆ తర్వాత ఇంకెవరో. అందరితోనూ అతను అదే మాట, అలాగే తల ఎత్తకుండా అన్నాడు. వరహాలమ్మ అద్దంలోంచి చూస్తూ నిలబడింది. పైడమ్మ ఒక బుట్ట తీసుకుంది, ఏవో అందుకుంది, డబ్బిచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆ నోటు తీసుకుని సొరుగులో పడేసింది. కళ్ళకి అద్దుకోనూ లేదు, వెనకాడనూ లేదు. పైడమ్మ ఏదో అడిగితే ఆ అమ్మాయి వినిపించుకోలేదు. మిషను కాగితం కక్కింది. పైడమ్మ సంచీ బరువు మోసుకుంటూ బడి వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రం నాగలింగం గారి ముందు కూర్చుని, "ఎవరో ఒకావిడ ముందు వెళ్ళిందండి" అంది వరహాలమ్మ.

"ఆమెకి పేరు లేదా?"

దాంతో అంతా చెప్పేసింది. మూడేళ్ళు పక్కన నిలబెట్టిన సంగతి, మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిన సంగతి, ఏదీ దాచలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, "అయితే ఆ కొట్టే మంచిది గురువుగారూ. వాళ్ళకి బోణీ పట్టింపు లేదు. మొదట ఎవరొచ్చినా వాళ్ళకి ఒకటే" అంది.

రాట్నం మీద దారం తెగింది. నాగలింగం గారు వేళ్ళు తడి చేసుకుని రెండు కొసలూ కలిపి పురి పెట్టారు.

"ఎవరొచ్చినా ఒకటే" అన్నారు. "ఎవరు రాకపోయినా ఒకటే."

వరహాలమ్మ ఇంకేమైనా అంటారేమోనని చూసింది. ఆయన మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టారు. లేచి దండం పెట్టి గుమ్మం దాటుతుంటే, వెనకనుంచి, "నీకు ఒకటి కాదు గదమ్మా. అది చూసుకో" అని మాత్రం వినబడింది.

ఇంటికి వచ్చి కూర తరుగుతూ భర్తతో చెప్పింది. "ఆదివారం అతన్ని రావద్దనండి. గది ఇవ్వడం లేదు."

"ఏటి, మీ గురువుగారు బేరాలు పెరుగుతాయని దీవించారా?"

"లేదు."

"మరి దేన్ని చూసుకుని?"

"దేన్నీ చూసుకుని కాదు. మూయవలసి వస్తే నా చేత్తో మూస్తాను. ఆ అద్దాల తలుపుల వాళ్ళని చూసి మూయను."

సన్యాసిరావు ఆమె మొహం వైపు చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇంత గట్టిగా మాట్లాడడం అతను వినలేదు.

శనివారం పొద్దున్న ఇంకా ఆరు కాలేదు. వరహాలమ్మ గడప కడిగింది, దీపం పెట్టింది, కొట్టు మాత్రం తియ్యలేదు. తాళంచెవి కొంగున ముడివేసుకుని వీధి చివరికి నడిచింది. పైడమ్మ వాకిట్లో చిమ్ముతోంది.

"పైడీ, రా. వచ్చి బోణీ చెయ్యి."

పైడమ్మ చీపురు ఆపింది. నవ్వలేదు. "నాకొద్దక్కా. ఇవాళ పిలుస్తావు. నెల తిరిగేసరికి బేరాలు ఇంకా పడిపోతే, పైడమ్మ చెయ్యి తగిలింది, కొట్టు మూతపడింది అంటారు. పెద్ద కొట్టువాడు చేసినదానికి నేనెందుకు మాట పడాలి?"

ఇది వరహాలమ్మ ఆలోచించలేదు. పైడమ్మ అన్నది నిజమే. అనేవాళ్ళు అంటారు. అందరికన్నా ముందు తన మొగుడే అంటాడు.

"అంటారు" అంది. "అన్న ప్రతి ఒక్కరికీ నేను జవాబు చెబుతాను. నాకు నలుగురిలో మాట్లాడ్డం చేతకాదని నీకు తెలుసు. నేర్చుకుంటాను."

"కొట్టు నిజంగానే మూతపడితే?"

"పడనీ. నీ వల్ల అని మాత్రం ఎవరినీ అననివ్వను. ఇన్నాళ్ళూ నిలబెట్టింది నేను, రమ్మంటున్నదీ నేను. రానంటే ఇక్కడే కూర్చుంటాను. ఇవాళ కొట్టు తియ్యను."

పైడమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "మొండిదానివేనే అక్కా నువ్వు" అని చీపురు మూలన పెట్టి, సంచీ తెచ్చుకుంది.

ఇద్దరూ వచ్చేసరికి కొట్టు ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. అందులో ఒకరు చేతి చలవ ఉందని వీధంతా చెప్పుకునే సూర్రావు మాస్టారు. "ఏటి వరహాలమ్మా, ఇవాళ ఇంత ఆలస్యం? కాఫీపొడి ఇయ్యి. నా బోణీయే కదా నీకు కలిసొచ్చేది!" అన్నారు నవ్వుతూ.

వరహాలమ్మ తాళం తీసి, తలుపులు రెండూ బార్లా తెరిచింది. "మాస్టారూ, ముందు పైడమ్మ" అంది. ఆ మాట తనకే కొత్తగా, వీధి అవతలి దాకా వినబడింది.

మాస్టారు ఒకసారి పైడమ్మని, ఒకసారి కొట్టుని చూశారు. ఏదో గొణుక్కుంటూ బైపాసు దారి పట్టారు. మిగిలిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అక్కడే ఉండిపోయారు.

"కందిపప్పు నాలుగు కిలోలు" అంది పైడమ్మ, తల దించుకుని.

వరహాలమ్మ పప్పు తూచింది. డబ్బు తీసుకుని, తొందరపడకుండా కళ్ళకి అద్దుకుని, లోపల దేవుడి పటం ముందు పెట్టింది. తిరిగి వచ్చి కాటా వెనక నిలబడి, వీధి వైపు చూసి అడిగింది.

"తర్వాత ఎవరండీ?"