చెరలో పడ్డ రొయ్య

అలల జోలపాటకు కోట కూడా కునికిపాట్లు పడే ఒక రాజ్యంలో, రాజుగారి మోచేతి మడతల్లో తామర లేచింది. రాజవైద్యుడు శరభశాస్త్రి రోజూ ఘాటైన లేపం పూస్తూ, "ఇదంతా నీచు తిన్నందుకే" అని రాజ్యంలో రొయ్య, చేప, పీత మూడింటినీ నిషేధించాడు. వలలు ఎండిపోయాయి, పల్లె పస్తులుంది. రాజుగారికి కలల్లో రొయ్యలు వెన్నెల తాగుతూ ఈదేవి.

మూడు నెలలకు చేపలమ్మే అసిరమ్మ ఖాళీ గంపతో కొలువుకొచ్చింది.

"దురద తగ్గిందా మారాజా?"

"ఎక్కడ తగ్గింది!" అన్నారు రాజుగారు గోక్కుంటూ.

"దొంగని చెరలో పెట్టాక కూడా దొంగతనాలు ఆగకపోతే, లోపలున్నవాడు దొంగేనా?"

శాస్త్రి గుడ్లురిమాడు. "అయితే అన్నిటినీ వదిలెయ్యమంటావా?"

"ఒక్కసారే వద్దు శాస్త్రులుగారూ. వారానికొకదాన్ని, కొంచెం కొంచెంగా, మీరు పక్కనుండగానే వదలండి. ఏది అల్లరి చేస్తే దాన్ని మళ్లీ లోపలెయ్యండి."

రొయ్య వారం, చేప వారం చల్లగా గడిచాయి. పీత వారం ఒళ్లు మండింది, పీత మళ్లీ చెరకు పోయింది.

"మంట చల్లారింది గానీ, పాత దురద అలాగే ఉందే!" అన్నారు రాజుగారు.

అసిరమ్మ శాస్త్రి చేతిలోని లేపం గిన్నెకేసి చూసింది.

"ఇంతవరకూ చెర మొహం చూడనిది అదొక్కటే, మారాజా."

గిన్నెకు తాళం పడింది. పక్షం తిరిగేసరికి రాజుగారి గోళ్లకు పని లేకుండా పోయింది.