పొగమంచులో హాజరు

అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే పైడిరాజు మంచివాడే కాని, ఎవరితోనైనా పట్టింపు వస్తే అవతలివాడు దిగివచ్చేదాకా మొహం చూసేవాడు కాదు.

అతను చిన్నప్పుడు మన్యంలో చిలకమానుకొండ మీదున్న అంతర్జాతీయ బడిలో చదువుకున్నాడు. బడి చుట్టూ కాఫీ తోటలుండేవి. ఏవేవో దేశాల పిల్లలు వచ్చి అక్కడే ఉండి చదువుకునేవారు. చలికాలంలో పొగమంచు కమ్మితే ఆ కొండ మీద చాపిన చెయ్యి కనబడేది కాదు. అందుకని అక్కడొక పద్ధతి ఉండేది. చేరిన రోజునే ప్రతి పిల్లవాడికీ ఒక జతగాణ్ణి ఇచ్చేవారు. హాజరు పిలిచినప్పుడు ఎవరి పేరుకు వాళ్ళు పలకకూడదు, జతగాడు పలకాలి. పక్కనుంటే "ఉన్నాడు" అనాలి. వెనకబడితే "దారిలో ఉన్నాడు" అనాలి. కనబడకపోతే "లేడు" అనాలి. దారిలో ఉన్నవాడు వచ్చేదాకా ఎవరూ కంచం ముట్టకూడదు.

"ఎవరి పేరుకు వాళ్ళే పలికితే పోదా టీచర్?" అని పైడిరాజు ఒకసారి ఆకలి మీద అడిగాడు.

"తప్పిపోయినవాడు నేను తప్పిపోయానని ఎలా చెబుతాడ్రా? పక్కవాడే చెప్పాలి" అంది ఫిలోమినా టీచర్.

పైడిరాజు జతగాడు తెస్ఫాయె. ఇథియోపియా పిల్లవాడు. వాళ్ళ నాన్న కాఫీ తోటల పని మీద ఈ దేశం వచ్చాడు. పైడిరాజు అతనికి తెలుగు నేర్పాడు. పైడిరాజు ట్రంకుపెట్టెలో బెల్లం దిమ్మ చూసిన రోజు నుంచి తెస్ఫాయె అతన్ని "బెల్లం" అనే పిలిచేవాడు. ఒక సాయంత్రం పైడిరాజు తోటలో కాలు మడతపడి లేవలేకపోయాడు. హాజరులో తెస్ఫాయె "లేడు! బెల్లం లేడు!" అని గొంతు చించుకున్నాడు. లాంతరు పట్టుకుని టీచర్లకంటే ముందు పరిగెత్తి వెతికి పట్టుకున్నాడు.

పెద్దవాళ్ళయ్యాక తెస్ఫాయె తన దేశం వెళ్ళిపోయాడు. అయినా రెండేళ్ళకోసారి డిసెంబరులో పాత విద్యార్థులందరూ కొండ మీద కలిసేవారు. జుట్టు నెరిసినా హాజరు మాత్రం పాత పద్ధతిలోనే పిలిచేవారు. తెస్ఫాయె ఒక్కసారి కూడా మానలేదు. ఫోనులో పాత విద్యార్థుల గుంపుల్లో మాత్రం చేరేవాడు కాదు. "జతగాడికి చెబితే అందరికీ చెప్పినట్టే" అనేవాడు. అతని కబురేదైనా పైడిరాజు ద్వారానే మిగతావాళ్ళకు తెలిసేది.

పైడిరాజు కూతురి పెళ్ళి కుదిరింది. తెస్ఫాయె వస్తానని మాటిచ్చాడు. పైడిరాజు ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్ళి అయిపోయింది, తెస్ఫాయె రాలేదు. విందులో బావమరిది ఊరుకోలేదు.

"ఏడీ బావా, నీ విమానం చుట్టం? రెక్క గాని విరిగిందేటి?" అన్నాడు.

పంక్తిలో అందరూ నవ్వారు. ఆ నవ్వు పైడిరాజు గుండెలో ముల్లులా ఉండిపోయింది. వారం తర్వాత ఫోనుకు ఒక సందేశం వచ్చింది. "రాలేకపోయానురా బెల్లం. ఫోనెత్తు, చెబుతాను" అని ఉంది. ఆ తర్వాత ఫోను మోగింది. తెస్ఫాయె పేరు చూసి కూడా పైడిరాజు ఎత్తలేదు.

"అంత దూరం నుంచి చేస్తున్నాడు, ఎత్తవయ్యా బాబూ" అంది భార్య నూకరత్నం.

"ఇంకోసారి చెయ్యనీ. నా పరువు ఎంత పోయిందో వాడికీ తెలియాలి."

"నీ పరువు ఏ మూల పడిపోయిందో వెతుకుదూగాని, ముందు మాట్లాడు."

"నువ్వూరుకో."

ఫోను మళ్ళీ మోగేది. పైడిరాజు మళ్ళీ "ఇంకోసారి చెయ్యనీ" అనేవాడు. కొన్నాళ్ళు అలా మోగి మోగి, వానాకాలంలో ఒక వారమంతా ఆగకుండా మోగి, తర్వాత ఆగిపోయింది. పైడిరాజుకు లోపల ఎక్కడో కలుక్కుమంది. అయినా తాను చెయ్యలేదు. "డిసెంబరులో కొండ మీదికి వస్తాడుగా. నా కళ్ళెదుట అడగాలి" అనుకున్నాడు.

డిసెంబరు వచ్చింది. పైడిరాజు సంచిలో మేలురకం బెల్లం పొట్లం కట్టి పెట్టుకున్నాడు. తెస్ఫాయె ముందుగా పలకరిస్తే ఇద్దామని, లేకపోతే తిరిగి తీసుకుపోదామని అతని ఆలోచన. కొండెక్కేసరికి సాయంత్రమైంది. పొగమంచు దట్టంగా ఉంది. భోజనాల సావిడిలో మిత్రులందరూ చేరారు. వాళ్ళలో తెస్ఫాయె లేడు.

ఫిలోమినా టీచర్ చేతికర్ర పట్టుకుని నిలబడి పేర్లు పిలిచింది.

"పైడిరాజు!"

ఎవరూ పలకలేదు. పైడిరాజు చెయ్యెత్తి, "ఇక్కడే ఉన్నాను టీచర్" అన్నాడు. అందరూ నవ్వారు.

"నువ్వు నాకు కనబడుతున్నావురా, నా కళ్ళింకా పోలేదు. కాని నీ జతగాడు వచ్చి చెప్పేదాకా నువ్వు లేనట్టే. తెస్ఫాయె!"

ఇప్పుడు పైడిరాజు పలకాలి. తెస్ఫాయె ఎక్కడున్నాడో అతనికి తెలియదు. తెలియదని అంతమంది ముందు చెప్పడానికి నోరు రాలేదు.

"దారిలో ఉన్నాడు" అన్నాడు.

వండిన వంటల మీద మూతలు అలాగే ఉంచి అందరూ ఎదురుచూశారు. అన్నం చల్లారింది. "మీ వాడు ఇథియోపియా నుంచి నడిచొస్తున్నాడేమిట్రా?" అని ఒకడు వేళాకోళమాడాడు. పైడిరాజు నవ్వలేదు. వాకిట్లోకి వెళ్ళి మంచులోకి చూస్తూ నిలబడ్డాడు. "వస్తే చాలు, నేనే ముందు పలకరిస్తాను" అని ఆ నిమిషంలో అనుకున్నాడు.

ఘాట్ రోడ్డు మలుపులో జీపు దీపాలు కనిపించాయి. "చూశారా! దారిలోనే ఉన్నాడు!" అని పైడిరాజు చిన్నపిల్లాడిలా అరిచి ఎదురు పరిగెత్తాడు.

జీపులోంచి ఒక అమ్మాయి దిగింది. నుదురు, కళ్ళు అచ్చం తెస్ఫాయెవే.

"బెల్లం అంకుల్ మీరేనా?" అని ఇంగ్లీషులో అడిగింది. "నా పేరు హీరుత్. తెస్ఫాయె గారి అమ్మాయిని."

"మీ నాన్న ఏడమ్మా? వెనక వస్తున్నాడా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "మీ ఇంట్లో పెళ్ళికి బయలుదేరిన రోజే విమానాశ్రయంలో పడిపోయారు. గుండె పాడైందన్నారు. మంచం మీద నుంచే మీకు ఫోను చేసేవారు. వానాకాలంలో పోయారు. ఆ వారమంతా ఆయన ఫోనులోంచి నేను చేశాను అంకుల్. ఇలాంటి మాట సందేశంలో ఎలా పెట్టను?"

"ఇంకెవరికీ చెప్పలేదా?"

"ముందు మీకే చెప్పమన్నారు. జతగాడికి చెబితే అందరికీ చెప్పినట్టేనన్నారు."

టీచర్ కర్ర పొడుచుకుంటూ వచ్చి అంతా విన్నది. బయటికి వచ్చినవాళ్ళందరినీ లోపలికి పిలిచింది. హాజరు ఇంకా పూర్తి కాలేదు.

"తెస్ఫాయె" అంది మెల్లగా.

చిన్నప్పుడు తెస్ఫాయె తన కోసం గొంతు చించుకున్న మాటే ఇప్పుడు పైడిరాజు చెప్పాలి. సావిడంతా ఎదురుచూసింది.

"లేడు" అన్నాడు చివరికి.

"పైడిరాజు" అంది టీచర్.

పలకడానికి జతగాడు లేడు. అప్పుడు హీరుత్ అతని పక్కకు వచ్చి నిలబడింది. వచ్చీరాని తెలుగులో, గట్టిగా, "బెల్లం ఉన్నాడు" అంది.

తర్వాత టీచర్ వైపు తిరిగి, ఇంగ్లీషులో, "నాన్న నేర్పిన మాట ఇది. 'నా పేరు పిలిస్తే చెప్పడానికి బెల్లం ఉంటాడు, వాడి పేరుకు పలికేవాళ్ళెవరూ ఉండరు, నువ్వు వెళ్ళమ్మా' అన్నారు" అని చెప్పింది.

పైడిరాజు బెంచీ మీద కూలబడిపోయాడు. సంచిలో బెల్లం పొట్లం చేతికి తగిలింది. ముందుగా పలకరిస్తే ఇద్దామనుకున్న మనిషి చచ్చిపోయాక కూడా తనకంటే ముందే పలకరించాడు. ఇవ్వడానికి ఇక అతను లేడు.

స్నేహితుడు పిలిచినప్పుడే పలకాలి. మన పంతం తీరేదాకా ఆ గొంతు ఆగి ఉండదు.