గాదె గోడలో గుడ్లగూబ

పూర్వం మంజీర ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. దాని రాజు మహీధరవర్మ మాత్రం తాను చాలా పెద్ద రాజుననుకునేవాడు. తన పేరు చెక్కిన విజయస్తంభం ఒకటి లేకపోతే రాబోయే తరాలవాళ్లు ఏమైపోతారోనని ఆయనకు మహా బెంగ.

ముహూర్తం చూసి పునాది తవ్విస్తుంటే గడ్డపారకు ఏదో తగిలింది. తీసి చూస్తే చేటంత మట్టి ముఖం. గుండ్రటి కళ్లు, వంకర ముక్కు, దాని కింద పిట్ట దూరేంత తెరిచిన నోరు. గుడ్లగూబ!

రాజు రెండడుగులు వెనక్కి వేశాడు. "శుభమా అని స్తంభం నిలబెడుతుంటే ఈ దరిద్రం ఎక్కడిది?"

ఇలాంటివి కుమ్మరి సాలమ్మ ఇప్పటికీ చేస్తోందనీ, రైతులు గాదెల గోడల్లో పెట్టుకుంటారనీ భటులు చెప్పారు.

"అన్నీ పగలగొట్టండి! ఆమెను పొద్దుగూకేలోగా పొలిమేర దాటించండి!"

సాలమ్మ మట్టిచేతులతోనే వచ్చి నిలబడింది. "మారాజా, ఆ నోట్లోంచి గూబలు లోపలికొచ్చి ఎలకల్ని తింటాయి. మా తాతల నాటి నుంచీ చేస్తున్నాం. పొమ్మంటే కుండలు కాల్చే ఆవం ఎత్తుకుని ఎక్కడికి పోను?"

రాత్రంతా మేలుకుని మన గింజలు కాచే పిట్టను అపశకునం అనడం నాకెప్పుడూ అర్థం కాదు. రాజుకూ అర్థం కాలేదు గానీ, ఆయనకు అర్థం కానిది ఆ పిట్ట చేసే మేలు.

ఆస్థానంలో బొల్లన అనే చమత్కారి ఉన్నాడు. అతను ఆ ముఖాన్ని తిరగేసి చూసి, ఉత్తరీయం కప్పి, "ప్రభూ, ఈ శిక్ష చాలదు," అన్నాడు.

సాలమ్మ బిత్తరపోయి అతని వైపు చూసింది.

"ఈమె ఇవాళ్టి మనిషి. ఈ గూబ పాతది. దీన్ని పెట్టించినవాడిది కదా అసలు తప్పు? వాడి వంశాన్నే వెళ్లగొట్టాలి."

"భేష్! ఆ వంశంలో ఒక్కరు కూడా సాయంత్రానికి ఇక్కడ ఉండకూడదు. ఇది నా ఆజ్ఞ. ఎవరు అడ్డొచ్చినా వినను."

బొల్లన ఉత్తరీయం తీసి ముఖాన్ని వెనక్కి తిప్పాడు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఒత్తిన రాజముద్ర, దాని కింద రాజుగారి ముత్తాత పేరు.

"కొత్త గాదె కట్టినప్పుడు రాజుగారే వచ్చి గూబకు ముద్ర వేసేవారంట. మా అవ్వ చెప్పేది," అంది సాలమ్మ మెల్లగా.

"పొద్దుగూకడానికి ఇంకా నాలుగు గడియలున్నాయి ప్రభూ," అన్నాడు బొల్లన. "మూటలు కట్టించమంటారా?"

రాజు ముఖం కందగడ్డ అయింది. అంతలోనే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "నన్నే పొలిమేర దాటిస్తావటయ్యా!"

"నేనెంతవాణ్ణి? తమ ఆజ్ఞే."

ముద్ర పక్కన, దాన్ని ఒత్తినవాడి బొటనవేలి గుర్తు ఒకటి పడి ఉంది. రాజు అందులో తన వేలు పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మా ముత్తాత స్తంభం కట్టించుకోలేదు," అన్నాడు. "జనం గింజలు చూసుకున్నాడు."

ఆజ్ఞ రద్దయింది. రాజు చేతి కడియం తీసి బొల్లనకు తొడిగాడు. స్తంభం కోసం తవ్విన పునాది మీద గాదె లేచింది. దానికి సాలమ్మ చేసిన పచ్చి గూబ మీద రాజే స్వయంగా తన ఉంగరంతో ముద్ర ఒత్తాడు. ఉంగరానికి అంటిన మట్టిని భటుడు తుడవబోతే, ఆయన తుడవనివ్వలేదు.